అడుగు రేకు

రాజోలు దాటాక కాలవ గట్టు మీద
చిట్టబ్బులు షెడ్డు.
నా ఓమ్ని వ్యాను జాకీల మీద లేచి
కడుపు చూపిస్తూ నిలబడింది.
స్క్రూడ్రైవరు మొనతో ఒక్కసారి తట్టాడు సైలెన్సరుని.
మాడిన అట్టు పెచ్చుల్లా రాలింది తుప్పు
అతని చొక్కా జేబులోకి, బీడీల మీదికి.
"ఇది పైపు కాదండి, జల్లెడ."

అతుకులు మూడూ నాకు తెలుసు.
మలికిపురంలో వేసింది నూనె డబ్బా రేకు,
దాని మీద సగం వేరుశనక్కాయ బొమ్మ ఇంకా ఉంది.
శివకోడులో చుట్టింది తీగ.
మూడోది నేనే, వానలో, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని
సైకిలు ట్యూబు ముక్కతో. అది పది కిలోమీటర్లు
కంపు కొట్టి కరిగిపోయింది.

తప్పు పైపుది కాదు.
పన్నెండేళ్ళుగా రొయ్యపిల్లని మోస్తోంది బండి.
సంచి చిల్లిపడితే కారేది ఉప్పునీరు.
పైనుంచి అదీ, కిందనుంచి సముద్రపు గాలీ,
మధ్యలో ఇనుము ఎన్నాళ్ళని ఇనుములా ఉంటుంది?

గోడ మీద బొగ్గుతో లెక్క రాశాడు చిట్టబ్బులు:
అతుక్కి ఆరొందలు, వానలు పడేదాకా పూచీ.
మామూలు కొత్తది మూడువేల రెండొందలు.
వాళ్ళబ్బాయి లోవరాజు ఫోను పట్టుకుని అడ్డొచ్చాడు.
స్టీలు పైపు, వెడల్పాటి మూతి, పదకొండు వేలు.
"ఆ బేసు వినండి బాబాయ్!"
షెడ్డులో కోడి ఉలిక్కిపడింది.
"ముసలాడికి బంగారు పళ్ళెందుకురా,
బండి పోయినా పైపు మిగుల్తుంది" అన్నాడు తండ్రి.

నవ్వాను గానీ, లోపల నా బేరం నాది.
ఆ చప్పుడు మీద బతికినవాణ్ణి.
సఖినేటిపల్లి రేవులో తాడు విప్పబోయి
పల్లయ్య ఆగేవాడు,
"అదుగో దగ్గు, వస్తన్నాడు, ఉండండి" అని పంటుని ఆపేవాడు.
అవతల మొగల్తూరు రైతులు విని
చెరువు గట్టున లైట్లేసేవారు.
హారను ఎప్పుడు పోయిందో నాకే గుర్తులేదు.
ఆరొందలు చాలనుకున్నాను.
చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా.

లోవరాజు లైటు పట్టుకుని బండి లోపల్నుంచి అడిగాడు:
"ఇక్కడెవరు కూర్చుంటారు?"

వెనక, సంచుల పక్కన, అడుగు రేకుకి
అరచెయ్యంత కన్నం.
సరిగ్గా దాని కిందే అతుకు.

అక్కడ కూర్చునేది యేసుపాదం. పంతొమ్మిదేళ్ళు.
సంచులు దొర్లకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి,
రాత్రంతా.
పోయిన అమావాస్యకి పల్లిపాలెం దగ్గర దిగి కక్కుకుంటే
బజ్జీలెవడు తినమన్నాడని తిట్టాను.
తలనొప్పంటే నిద్ర చాల్లేదన్నాను.
ఓసారి ఎంత కుదిపినా లేవలేదు. మొహాన నీళ్ళు కొట్టి,
కుర్రనిద్ర అంతేలే అని
నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక్కో సంచిలో మూడో వంతు నీళ్ళు.
మిగతాదంతా ఆక్సిజన్, నా చేత్తోనే పట్టి,
రబ్బరు బిగించి, వేలితో మీటి చూస్తాను.
కంటికి ఆనని పిల్లలు, వేలకు వేలు.
చస్తే లెక్క చెప్పాలి రైతుకి.

చిట్టబ్బులు ఏమీ అనలేదు. బీడీ ఆర్పేశాడు.

మామూలు పైపే వేయించాను,
ఇంజను దగ్గర్నుంచి తోకదాకా, ఎక్కడా అతుకు లేకుండా.
దాని మీద ఇంకో రెండు వేలు పెట్టి
అడుగు రేకు కోయించి కొత్తది వెల్డింగు,
సంచుల కింద తొట్టి, నీళ్ళు పక్కకి పోయే గొట్టం.
లోవరాజు కొంచెం చిన్నబోయాడు.

మర్నాడు తెల్లారగట్ట
రేవుకి చేరేసరికి పంటు మూడు బారలు వెళ్ళిపోయింది.
నేనొచ్చినట్టే తెలీలేదు పల్లయ్యకి.
వశిష్ఠ మీద మంచు. లైట్లార్పి కూర్చున్నాను.
హారనొకటి కొనాలి.
సంచుల్లో ఇంకా నాలుగు గంటల గాలి ఉంది.

"ఒరేయ్" అన్నాను వెనక్కి తిరక్కుండానే.
"ఆఁ బాబాయ్, వచ్చేశామా?"
"లేదు, పడుకో."

ఓ నిమిషం ఆగి
మళ్ళీ పిలిచాను.