కనబడే ఏడుపు

నువ్వు పుట్టిన రాత్రి
నర్సు బొటనవేలు ఎత్తి చూపింది.
గట్టిగా ఏడ్చావట.
నేను చూసింది మాత్రం
ఎర్రటి నోరు, అందులో వణికే చిన్న నాలుక,
రెండు పిడికిళ్ళ నిండా ఎవరి మీదో తెలీని కోపం.
గొంతు సంగతి నాకు తెలీదు, రాయెన్.
నీ ఏడుపు నాకు కనబడుతుంది, అంతే.

మంచం పక్కన ఒక బల్బు పెట్టించాం,
నువ్వు ఏడిస్తే వెలిగేది.
దానికి అన్నీ ఒకటే:
ఆకలికీ, తడిసిన గుడ్డకీ, కడుపునొప్పికీ
ఒకే పసుపుపచ్చ వెలుగు.
దగ్గరికొచ్చి మిగతాది నేనే చదువుకునేదాన్ని.
మోకాళ్ళు పొట్టలోకి ముడిస్తే నొప్పి.
తల అటూ ఇటూ తిప్పి నా చొక్కాని వెతికితే పాలు.
సాయంత్రం ఆరింటికి
వాల్పరయీసో రేవులో ఓడలు దీపాలు పెట్టుకునే వేళ
ఊరికే గుక్కపట్టేదానివి చూడు,
దానికి పేరు దొరకలేదు.
ఎత్తుకుని కొండ మెట్లు నూట పన్నెండూ దిగి
మళ్ళీ ఎక్కేదాన్ని.
ఒక్కోసారి రెండుసార్లు.

ఐదో నెలలో నువ్వొకటి కనిపెట్టావు.
అమ్మమ్మ ఎదువీనా ఇంట్లో ఉంటే గొంతెత్తుతావు,
ఆవిడ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొస్తుంది.
నేనొక్కదాన్నే ఉంటే
ముందు నా ముఖం ఎక్కడుందో వెతుక్కుంటావు.
దొరికాక
కింది పెదవి మెల్లగా బయటికి,
గడ్డం నారింజ తొక్కలా గుంటలు పడి,
నీళ్ళు కంటి అంచుదాకా వచ్చి నిలబడతాయి.
నేను అటు తిరిగితే ఆపేస్తావట.
మళ్ళీ ఇటు తిరిగేదాకా దాచుకుంటావట!
అమ్మమ్మ తన వంకరటింకర సైగలతో చెప్పి
పడీ పడీ నవ్వింది:
"దొంగది. నీ కొలతలకి వేరే ఏడుపు కుట్టించుకుంది."

ఆ పూట నాకు నవ్వు రాలేదు.
బడిలో మమ్మల్ని
చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమనేవాళ్ళు.
సైగ చేస్తే నోటి మాట రాదని.
కోపమొస్తే అరచేతులు బల్ల చెక్కకి నొక్కుకుని
ఎర్రబడేదాకా ఉండేదాన్ని.
అమ్మ సైగలు నేర్చుకునేసరికి నాకు పదకొండేళ్ళు.
నువ్వు ఐదు నెలలకే
నా భాషలో అలగడం నేర్చావు.
నేర్పిందెవరు?

ఇప్పుడు పాకుతున్నావు.
నేను స్కూలు యూనిఫారాలు కుడుతుంటే
వెనకనుంచి నేలని అరచేత్తో బాదుతావు.
చెక్కల మీదుగా ఆ దెబ్బ నా పాదాల్లోకి వస్తుంది,
మిషను అదురుని దాటుకుని.
రాకపోతే ఇంకోటి, ఇంకా గట్టిగా.
కాసేపు ఆగమన్నానంటే
ఉక్రోషంతో కొలతల టేపు లాక్కుని
దాని కొస చప్పరిస్తూ
నీకు నువ్వే నెమ్మదిస్తావు.
అరవై సెంటీమీటర్ల దాకా అంకెలు చెరిగిపోయాయి.

మొన్న మంగళవారం భూమి కదిలింది.
ఇక్కడ అదేం కొత్త కాదు.
నా మడమలకి ముందు తెలిసింది,
తర్వాత సూది ఆగిన చోటే వణికింది,
పైన దీపం ఊగింది.
టేపు చేత్తో పట్టుకునే నా వైపు చూశావు.
ఏడవాలా?
అంత పెద్ద ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.
గుండె ఎక్కడో గొంతులో ఉంది.
కనుబొమ్మల్ని మాత్రం కదలనివ్వలేదు.
చెయ్యెత్తి దీపాన్ని చూపించాను,
ఊగుతోంది చూడు, అన్నాయి వేళ్ళు.
విరగబోయిన నీ పెదవి
సగంలో ఆగింది.
నువ్వూ చెయ్యి ఊపావు.

అంతా సద్దుమణిగాక
ద్వారబంధం కింద నిన్ను ఒళ్ళో పెట్టుకుని
ఏడ్చాను, నేను.
నువ్వు చాలాసేపు చూశావు.
నా కళ్ళు, నోరు, మళ్ళీ కళ్ళు.
తర్వాత
ఉమ్మితో నానిపోయిన ఆ టేపు కొసని
జాగ్రత్తగా
నా నోట్లో పెట్టావు.