పులిసిన నేల

కకమెగా దాటాక, వానలు మొదలైన మూడోవారం.
మోకాలెత్తు మొక్కజొన్న ఆకు
నేరేడుపళ్లు తిన్న నాలుకలా ఉంది.

"భాస్వరం లోపం" అని రాసుకున్నాను,
పరీక్షలో రెండు మార్కుల జవాబు.

నసిమియు నా పుస్తకంలోకి తొంగిచూసింది.
"నిరుడు రెండు బస్తాలు పోశానే. ఎటు పోయింది?"

ఎటూ పోలేదు.
ఈ ఎర్రమట్టిలో ఇనుము, అల్యూమినియం
దాన్ని గుప్పిట్లో బిగించుకు కూర్చున్నాయి.
అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

గాజుగొట్టంలో మట్టి, నీళ్లు, నాలుగు చుక్కల రంగు.
తేటపడేదాకా ఆగాలి.
ఆమె ఆగలేదు.
చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి,
"పులుపు" అంది.
కాసేపటికి గొట్టం కూడా ఒప్పుకుంది: నాలుగున్నర.

సున్నం చల్లాలన్నాను.
ఎకరాకి ఎన్ని బస్తాలో అక్కడే లెక్కగట్టాను.
లెక్క తప్పలేదు.
ధర విని ఆమె ఏమీ అనలేదు,
గుంజకు కట్టిన మేకవైపు చూసింది.

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద
చెప్పులకంటిన ఎర్రమట్టి దులపబోయి ఆగాను.
ఆ రెండు బస్తాల్లో
ఓ రవ్వ ఇందులోనూ ఉండే ఉంటుంది,
గుప్పిట విప్పకుండా.