ఐసు దొంగ

పల్లాలమ్మ ఐసు దొంగిలిస్తోందని
షెడ్డులో అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే.
రొయ్య తల తుంచుతుంది, చెయ్యి తొట్టిలోకి పోతుంది,
తిరిగొచ్చేసరికి దవడ ఉబ్బి ఉంటుంది.
కరకర.
ఎండలకి కాబోలనుకున్నా.
పుష్యమాసంలోనూ కరకరే.

సూపర్‌వైజరు కూలిలో ఇరవై కోశాడు.
"రొయ్యల ఐసు మనుషులు తింటారా?" అని నవ్వాడు.
తను నవ్వలేదు.
నోటి మూలలు రెండూ చిట్లి ఉన్నాయి,
నవ్వితే నెత్తురొస్తుంది.

అన్నంవేళ గోడవార కూర్చుంటాం.
మా క్యారేజీలు కడిగేసి, వక్కపలుకు నమిలేసి,
ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ తిరగేసేసరికి
తనది ఇంకా సగం.
చిన్న ముద్ద. అందులో సగం. ఆ సగంలో నాలుగు మెతుకులు.
ముద్దకో గ్లాసు నీళ్ళు.
కోడిపెట్టలా మెడ పైకెత్తి, కళ్ళు మూసుకుని,
లోపల ఎవరో గడియ తీస్తారని చూస్తున్నట్టు.
మూడేళ్ళలో అన్నం జావయింది, జావ గంజితేట అయింది.

దిష్టన్నారు.
గొంతులో ముల్లుందన్నారు.
ముల్లు దిగాలంటే ఉత్తన్నం ముద్ద గుటుక్కున మింగమన్నారు,
ఆ మింగడమే రావట్లేదురా నాయనా అంటే వినరే!
ఇంటాయన యేసుబాబు మాత్రం
వంటకి వంకలు పెడుతోందన్నాడు, తన వంటకి తనే.

నాకు అనుమానమొచ్చింది గోరు వల్ల.
గ్లౌజు చిరిగినరోజు చూశాను,
బొటనవేలి గోరు ఉగ్గుగిన్నెలా గుంటపడి ఉంది.
ఐసునీటి చుక్కొకటి అందులో
ఒలక్కుండా నిలబడింది.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
నీళ్ళు దిగువకి పోకపోతే
కాలువంతా పూడిందని రైతులు గోల పెట్టేవారు.
ఆయన మటుకు గోచీ బిగించి దిగి
షట్టరు గాడిలో ఇరుక్కున్న చెక్కముక్క కోసం తడిమేవాడు.

ఆయన గుర్తొచ్చి, ఓ గురువారం కూలి వదులుకున్నాం.
ఎదుర్లంక వంతెన, యానాం, కాకినాడ పెద్దాసుపత్రి.
బస్సులో కూర్చునే రెండుసార్లు ఆయాసపడింది.

డాక్టరమ్మ కంటిరెప్ప కిందికి లాగింది.
ఎర్రగా ఉండాల్సినచోట ఉతికి ఉతికి వెలిసిన గుడ్డ.
రక్తం ఐదున్నర అంది.
"ఐదున్నరతో నడిచొచ్చిందా?"
"నిన్న ఇరవై కిలోలు వలిచిందండీ" అన్నాను.
నెలనెలా ఎంత పోతుందని అడిగింది.
ఇన్నేళ్ళలో అందరూ కిలోలు అడిగారుగానీ
ఆ లెక్క ఎవరూ అడగలేదు.

గొట్టం దింపి, తెర మీద గొంతు చూపించారు.
సాలెగూడులాంటి పొర అంది డాక్టరమ్మ.
నేనొప్పుకోలేదు.
పదిహేనేళ్ళుగా రొయ్యలు వలుస్తున్నదాన్ని,
పెంకు తీశాక కూడా ఒంటికి అంటుకుని ఉండే
ఆఖరి పల్చటి పొట్టు నాకు తెలుసు.
అదే అది.
గొట్టం దాన్ని తాకింది, దాటింది.
గోటిగీరంత నెత్తురు.
మూడేళ్ళ అన్నాన్ని ఆపింది ఇంతేనా
అని కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీదు.

"ఒంట్లో ఇనుము లేదమ్మా" అంటే
పల్లాలమ్మ నా చెవిలో,
"పొద్దస్తమానం ఇనపబల్ల ముందేగా నుంచుంటాం" అంది.
ఆ రోజు మొదటిసారి నవ్వింది, మూల చిట్లింది.

మాత్రలిచ్చారు. విరేచనం నల్లగా అవుతుంది, బెదరొద్దన్నారు.
ఏటా ఒకసారి వచ్చి చూపించుకోవాలన్నారు.
ఎందుకో చెప్పేటప్పుడు డాక్టరమ్మ గొంతు తగ్గించింది.
ఆ ఎందుకు గురించి
తిరుగుబస్సులో మేం మాట్లాడుకోలేదు.

మూడోవారానికి ఐసుతొట్టి పక్కనుంచే వెళ్ళింది,
చెయ్యి పెట్టలేదు.
ఇరవై రూపాయలు వెనక్కిమ్మని అడిగాం. ఇవ్వలేదు.

నిన్న అన్నంవేళ
ఇన్నాళ్ళూ వాసన చూసి వదిలేసిన గోంగూర కలిపి
నా ముద్దంత ముద్ద పెట్టుకుంది.
మింగి, అలవాటుగా మెడ పైకెత్తి
కళ్ళు మూసుకుంది.
ముద్ద ఎప్పుడో దిగిపోయింది.
తనే
ఇంకా ఆగి ఉంది.