పదకొండో నంబరు అద్దం

ఐలేశ్, షెటర్ ఎత్తంగనే మిషిన్ కాడికి ఉరకకు.
ముందుగాల నేల చూడు.
రాత్రి వాన దంచింది, ఎనుమాముల రోడ్డంత బురద.
గడప కిందికెల్లి నీళ్లొచ్చి
కేబుల్ పక్కన పిల్లి లెక్క పండుకున్నయి.
వాటిని ఊడ్చినంకనే కరెంటును లేపాలె.

ఈ ఆయిల్ మిషిన్ నాకంటె పెద్దది.
మహబూబలీ ఉస్తాద్ దీన్ని బర్రె అనేటోడు,
గుర్రుమంటనే ఉంటది గదా.
ఆదివారం బర్రెకు తానం:
మెయిన్ బంద్ చేసి, ఫ్యూజు పీకి జేబుల ఏసుకొని,
బ్రష్‌తోటి దుమ్ము దులిపి,
నూనె గీత దాక ఉన్నదా అని వంగి చూసి,
లగ్గులు ఒక్కొక్కటే పానాతోటి బిగించేటోడు.
అయిపోయేదాక
ఆ జేబు తడుముకుంటనే ఉండేటోడు.

కేబుల్ మొత్తం చేతితోటి నిమురు, కరెంటు లేనప్పుడే.
తోలు చిట్లిన కాడ ఆగు.
రెండు చుట్లు టేపు పెట్టి సాలు అనుకున్నోళ్లను
ఇద్దరిని నేనే ఆటోల ఎంజీఎంకు తీస్కపోయిన.
ఎర్త్ క్లాంపు పని పక్కనే పట్టియ్యి,
రంగు గీకి, మెరిసే ఇనుముకు.
ఓసారి బోరు పైపుకు తగిలిచ్చిన.
పక్కింటి ఉప్పలమ్మ బిందె ఇడిచిపెట్టి
తిట్టిన తిట్లు
ఇంకా ఆ గోడకు అంటుకొనే ఉన్నయి.

వానకాలం రాడ్లకు పడిశం పడ్తది.
చీదుతయి, తుమ్ముతయి, టాకా నిండ బొక్కలు.
అందుకే ఆ రేకుపెట్టెల బల్బు.
ఉత్త డీజిల్ డ్రమ్ము తెచ్చి
"ఉత్తదే అన్నా" అంటరు.
నిండుదానికంటె ఉత్తదే చెడ్డది. వాపస్ పంపు.

నాకు పద్నాలుగేండ్లప్పుడు
కరీమాబాదుల ఒక గేటు పని.
ఒక్క టాకానే గదా అని ఉత్త కండ్లతోటి చూసిన.
పగలు ఏం కాలె.
రాత్రి పన్నెండింటికి ఎవరో రెప్పల కింద ఇసుక పోసి
రుద్దుతున్నరు.
అమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి కండ్ల మీద పెట్టింది.
తెల్లారి ఉస్తాద్ వచ్చి
"ఇవి కూరల ఏస్కో అక్కా" అని
నన్ను సైకిల్ ఎనుక కూసుండబెట్టుకొని దవాఖానకు తొక్కిండు.
దారిపొడుగూత ఒక్క మాట అనలె.
అదే నాకు ఎక్కువ మండింది.

నల్లద్దం పదకొండో నంబరు.
దాని ముందటి తెల్లద్దం మచ్చలు పడ్డదా, మార్చు.
నల్లది చిట్లిందా, ఆ దినం పని లేదు.

పత్తి బండి మాట గూడ చెప్తా,
ఒక్కసారే చెప్తా.
శాయంపేట రైతు, ట్రాలీ డోరు బంధు ఇరిగింది.
మార్కెట్ గేటు మూస్తరని తొందర.
"పత్తి దించి రా" అన్న.
"ఒక్క టాకా, తాడు కట్టినట్టు" అన్నడు.
పెట్టిన.
పత్తిల పడ్డ రవ్వ చప్పుడు చెయ్యది,
లోపల లోపల తింటది.
రాత్రి రెండింటికి మార్కెట్ల పొగ లేసింది.
ఆయన నన్ను ఏమనలె. నేను గూడ.
ఇప్పటికీ రోడ్డు మీద ఎదురైతె
ఇద్దరం పక్కకు చూస్తం.

అందుకే ఈ బకెట్ నీళ్లు, ఈ ఇసుక.
మంట పట్టినా మిషిన్ మీద నీళ్లు పొయ్యకు, ఇసుకనే.
పని అయినంక అరగంట ఈన్నే కూసో, ఛాయ్ తాగు.
రవ్వలకు నీకంటె ఓపిక ఎక్కువ.

నూలంగి ఏస్కున్నవా? ప్యాంటు మడతలు దించు.
ఇగ రాడ్డు పెట్టు.

బయట స్టూలు మీద కూసున్నది ఉస్తాదే.
ఆయన కాలంల ఎవరూ అద్దం ఇయ్యలె.
రెండు కండ్లూ పొగ పట్టినయి,
ఇప్పుడు చెవులతోటే టాకా చూస్తడు.
సకినాలు ఏగినట్టు వినపడాలె ఆయనకు.
చిటపట ఎక్కువైతె
"దూరం పోతున్నవ్, దగ్గరికి రా" అంటడు.

వినపడ్డదా, ఐలేశ్?
అది గాదు ఆయన అడుగుతున్నది.
"పోరడు అద్దం దించిండా?" అంటున్నడు.