కనపడ్తా ఉందా?

గాజులమండ్యం ఎస్టేట్‌లో రెండో షిఫ్టు.
గేటు కాడ నా కుర్చీ, రిజిస్టరు, టార్చి.
లోపల ఏం చేస్తారో అడగకూడదని
చేరినరోజే సంతకం పెట్టించుకున్నారు.
అడగబన్లే.
ఆ పెట్టె ఆకారం చాలు నాకు.
పద్దెనిమిదేండ్లు అట్లాంటిదానికే ఆనించి
నుదురు కాయ కాచింది.

ఈ రాత్రి హెల్పరు సెలవు.
"ట్యాంకుల్లో చేసినావంట గదా తాతా,
ఒకసారి చూసి చెప్పు" అనింది మొగిలేశ్వరి.
కమాండరు కన్ను. కొత్తది.
కిటికీ తెరిచి
కరకంబాడి కొండల పక్కకి తిప్పి పెట్టింది.

రబ్బరు కప్పుకి నుదురు ఆనించినా.
అబ్బా!
చెనిక్కాయ ఒలిచినట్టు చీకటిని ఒలిచి పెట్టినారు.
కొండంతా బూడిద, అందులో తెల్లతెల్లగా ప్రాణాలు:
కంచె కాడ కుక్క, దానికంటే తెల్లగా దాని నాలిక,
రేణిగుంట పట్టాల మీద అప్పుడే ఆగిన గూడ్సు బ్రేకులు,
ఒకదానికొకటి అతుక్కోని
ఒకే ముద్దయిపోయిన గొర్రెలు.
రాతి మీద కూర్చోనుండిన మనిషొకడు
బీడీ పారేసి లేచిపోయినాడు.
ఆయన కూర్చున్న చోటు మాత్రం
రాయి మీద ఇంకా వెలుగుతానే ఉంది.

మా కాలంలో నా కంటికి పగలే తెలుసు.
రాత్రి కన్ను గన్నరు కాడ ఉండేది.
పదవి నాది, చూపు జోగాసింగుది.
తల బయట పెట్టి, రెప్పల కింద రాజస్థాన్ ఇసక,
"జోగా, కనపడ్తా ఉందా?"
"కనపడ్తా ఉంది, సాబ్."
వానికి వచ్చిన తెలుగు అంతే.
ఆ రెండు మాటల మీద
నలభై టన్నుల ఇనుము ముందుకు కదిలేది.

ఒక్క రాత్రి "లేదు, సాబ్" అన్నాడు.
నేను ఇన్లేదు.
నా ఎడమ మోకాలు అప్పటిదే.
వాని సంగతి ఇప్పుడొద్దు.

"ఇంక కమాండరే ఎతుక్కుంటాడు తాతా,
గన్నరు ఒకదాన్ని కొట్టేలోపల
ఈయన ఇంకోదాన్ని చూసిపెడతాడు.
ఎవురినీ అడిగే పన్లేదు."
మంచిదే.
నిజంగా మంచిదే పాపా,
ముప్పై ఏండ్లు ఆలిస్యమైంది, అంతే.

"ఎట్లుంది?"
కుడి మూల రవ్వంత మసక అని చెప్పినా.
ఊపిరి బిగబట్టి మర అర చుట్టు తిప్పింది.
"ఇప్పుడు? కనపడ్తా ఉందా?"

నా నోట్లోంచి
పంజాబీ యాసలో వచ్చేసింది:
"కనపడ్తా ఉంది, సాబ్."

ఆ పిల్ల నవ్వింది.
లేచే ముందు ఆ రాయిని ఇంకోసారి ఎతికినా.
చల్లారి, కొండలో ఎక్కడో కలిసిపోయింది.
గేటు కాడ లారీ
హారను మీద హారను.