పన్నెండో వంతు

బ్యాంకులో అడిగినారు: ఏం పని?
మామిడి టెంకల్ని నడిపిస్తా అన్నాను.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని
ఆ గడిలో 'ఇతరములు' అని రాసుకున్నాడు.

చిత్తూరులో జూన్ నెలంటే
గుజ్జు ఫ్యాక్టరీల వెనక తోతాపురి టెంకల గుట్టలు,
ఈగలు, పులిసిన తీపి.
ట్రాక్టరు దించి పోయినాక
నేనూ చెంగల్రాయుడూ గోనెసంచి పట్టుకొని ఏరేవాళ్ళం.
కడిగి, మిద్దె మీద ఎండేసి,
పళ్ళూడిన దువ్వెనతో పీచు దువ్వితే
ఒక్కోటీ ఒక్కో ముసలాయన.
చీపురుపుల్ల కాళ్ళు, తేనెమైనం పాదాలు.
కొందరికి గడ్డం, కొందరికి జుట్టు.
ఒకడికి మాత్రం రెండూ రాలిపోయి
మా హెడ్మాస్టరు దొరస్వామి సారు మాదిరి ఉన్నాడు.
వాడే మా హీరో.

వాణ్ణి వడ్లగింజంత జరపాలి.
చెయ్యి వెనక్కి తియ్యాలి. ఊపిరి బిగబట్టాలి.
ఫోటో.
మళ్ళీ వడ్లగింజంత.
సెకనుకు పన్నెండు.
పొద్దున ఇడ్లీ తిని కూర్చుంటే
దీపాలు పెట్టే వేళకు ఒక మెట్టు ఎక్కుతాడు.
"ఇంకోటి రేపు ఎక్కుతాడులే, మోకాళ్ళ నొప్పులు గదా"
అనేవాడు చెంగల్రాయుడు,
తన నడుము పట్టేసి నేల మీద వెల్లకిలా పడుకొని.

గ్రీమ్స్‌పేటలో ఆ గది కిటికీలు మూసేసినాం,
సూర్యుడు కదిలితే నీడ కదులుతుందని.
బెంగళూరు రోడ్డు మీద గ్రానైట్ లారీ పోతే
టేబులు అదిరి ఆ రోజు తీసిందంతా పోయినట్టే.
ఓల్టేజీ పడిపోతే మా సినిమాలో సాయంత్రమయ్యేది.
ఒకసారి ఒక చీమ
మూడు ఫోటోల్లో మూడు చోట్ల నిలబడి వెళ్ళిపోయింది.
చెరిపేద్దామన్నాను.
"కూలి అడక్కుండా నటించింది, ఉండనీ మే" అన్నాడు.

అద్దెకు పెళ్ళి వీడియోలు కోసినాం.
ఒక అప్పడాల కంపెనీకి
ఇరవై అప్పడాలతో కోలాటం ఆడించినాం,
విరిగినవి వేయించుకొని తిన్నాం.
నాలుగేళ్ళకు మూడు నిమిషాల నలభై సెకన్లు.
ఎక్కడో చలిదేశంలో చూపించినారంట,
పదకొండు మంది వచ్చినారంట, ఒకావిడ ఏడ్చిందంట.
ఆ ఉత్తరం చదివి వినిపిస్తే
ఇంటి ఓనరు రెడ్డెమ్మ అనింది కదా:
"టెంకల్ని చూసి ఏడ్చిందా, పాపం,
వాళ్ళకాడ మామిళ్ళు ఉండవు."

పోయిన ఆడికృత్తిక మర్నాడు
చెంగల్రాయుడు శ్రీసిటీ బస్సెక్కినాడు.
ఫోన్ల ఫ్యాక్టరీ. బెల్టు మీద పలక వస్తుంది,
స్క్రూ బిగించాలి, చెయ్యి వెనక్కి తియ్యాలి,
మళ్ళీ పలక.
"ఈడా అదే పని మొగిలీ,
ఫోటో తీసేవాళ్ళే లేరు" అని గొంతు పంపినాడు.
ఏం చెప్పాలో తెలీక
బట్టతలోడి పాదాలకు మైనం మారుస్తా కూర్చున్నా.

నిన్న రాత్రి సినిమా ఆపి ఆపి చూస్తా ఉంటే
రెండువేల నూటపదమూడో ఫోటోలో
వాడి చెయ్యి దొరికింది.
వాడు తియ్యడం మర్చిపోయినాడో,
నేనే తొందరపడి నొక్కినానో.
చూపుడువేలు టెంకను తాకీ తాకనట్టు,
గోటి కింద మైనం,
మణికట్టుకు గంగజాతరలో కట్టుకున్న దారం,
రంగు పోయి, ఇంకా తెగకుండా.
సెకనులో పన్నెండో వంతు.
పదకొండు మందీ చూసే ఉంటారు,
చూసినట్టు వాళ్ళకు తెలిసుండదు.
ఆవిడ ఏడ్చింది దానికేనేమో,
ఎవరు చెప్పొచ్చినారు.

తప్పు ఫోటో. తీసేస్తే నడక సాఫీ అవుతుంది.
చెరిపే మీట మీద వేలు పెట్టి
కరెంటు పోయేదాకా అట్లే కూర్చున్నా.

పొద్దున ట్రాక్టరు చప్పుడు.
గోనెసంచి ఒక్కదాన్నే ఈడ్చుకుంటా పోతా ఉంటే
వెనక బరువు తగ్గింది.
చూస్తే రెడ్డెమ్మ, కొంగు దోపుకొని,
రెండో కొస పట్టుకొని ఉంది.
"ఈసారన్నా ఆ బట్టతలోడికి
ఒక పెండ్లాన్ని వెతుకుదాం, పా మే."