వెన్నగిన్నె పూలు

గోడకి అటువైపు ఆల్డర్సన్
ముప్పై ఏళ్లు మందు కొట్టాడు.
వీపున డబ్బా, చేతిలో గొట్టం,
స్వేల్ నది వెంట ఎవరి పచ్చిక పిలిచినా వెళ్లేవాడు.
మే నెలొస్తే బటర్‌కప్పుల మీదికి.
"పసుపు కనపడితే పాల డబ్బు పోయినట్టే" అనేవాడు.
అబద్ధం కాదు. పచ్చిగా ఉన్నంతకాలం
ఆవు ఆ మొక్క నోట పెట్టదు,
చుట్టూ మేసి దాన్ని నిలబెట్టి పోతుంది.
పేరంతా వెన్న,
పాలిచ్చేదానికి మంట.

ఇప్పుడు డెబ్భై నాలుగు.
మోకాలు మార్పించుకుని, మంద అమ్మేసి,
ఇంటి వెనక అరెకరం మిగుల్చుకుని
విత్తనాల పొట్లం తెప్పించాడు.
"ఏం పూలు?" అన్నాను.
టోపీ సర్దుకున్నాడు. గోడమీద నాచు గిల్లాడు.
"అవే" అన్నాడు.

మొదటి ఏడు ఏమీ రాలేదు.
రెండో ఏడు గడ్డొచ్చింది, నడుం లోతున.
వాకిట్లో రాళ్ల సందుల్లో మాత్రం,
ఉల్లిమడిలో, చెత్తబుట్ట కింద,
పాకే రకం తీగలు చాచి కూర్చుంది.
రమ్మన్నచోటికి రాదు, పొమ్మన్నచోట పోదు.
"అది కాదు నాక్కావాల్సింది. నిలబడేది కావాలి."
ఆకు చీలికలు వేలితో విప్పి
రెంటికీ తేడా చూపించాడు.
చంపినవాడికి తెలిసినట్టు
ఆనవాళ్లు ఇంకెవరికి తెలుస్తాయి.

"నేల బలిసింది, క్లిఫర్డ్.
నువ్వేసిన ఎరువంతా ఇంకా తింటోంది.
పస్తు పెట్టు.
కోసిన గడ్డి పరక కూడా అక్కడ వదలకు.
పేడ సంగతి మర్చిపో."
రైతుతో ఆ మాటనడం
తల్లిని తిట్టినంత పని.
మూతి ముడుచుకుని లోపలికి పోయాడు.
ఆ శరదృతువులో చూస్తే
వంగలేని మోకాలితో, పారతో,
పైమట్టి గీకి బండికెత్తుతున్నాడు.

గడ్డి వేళ్ల దగ్గర అప్పుతో బతికే
గిలక్కాయ మొక్క విత్తనం చల్లాడు.
జూలైలో మా తాత ఏనాడూ దున్ననివ్వని పొలంలో
నేను కోసిన గడ్డి, ఇంకా తడారకముందే,
ఒక ట్రెయిలర్ నిండా తోలాను.
ఇద్దరం పరిచాం. మాట్లాడుకోలేదు.
వాన మాత్రం ఆగకుండా మాట్లాడింది.

ఐదో మే.
నలభై ఒక్కటి.
లెక్క నాది కాదు, ఆయనదే,
పొద్దున్నే తలుపు కొట్టి చెప్పాడు,
కాళ్లకి రెండు రకాల బూట్లు.

మనవరాలు బ్రయనీ ఒకటి తెంపింది.
నేను గుటక మింగాను, ఆయన ఏమీ అనలేదు.
ఇక్కడి పిల్లల ఆట ఇది:
పువ్వు గడ్డం కింద పెడితే
పసుపు మెరిస్తే నీకు వెన్న ఇష్టం.
పిల్లది మెరిసింది. నాదీ మెరిసింది.
ఆయన గడ్డం కింద పెట్టింది.
వారం రోజుల తెల్ల గడ్డం, ఏమీ కనపడలేదు.
"గీసుకుని రా" అంది, మేస్టరమ్మలాగా.

మర్నాడు బుధవారం.
ఆదివారం తప్ప కత్తి ముట్టని మనిషి
దవడమీద చిన్న గాటుతో,
కాగితం ముక్క అతికించుకుని,
కొత్త మోకాలు కిర్రుమనేలా వంగి
ముఖం ఎత్తి పట్టుకున్నాడు.

పసుపు పడిందో లేదో
గోడకి ఇటునుంచి నాకు కనపడలేదు.
పిల్ల మాత్రం
చాలాసేపు చూసింది.